పరిశోధనకు నారుమడి: విశ్వవిద్యాలయముల అంతర్గత గ్రాంటులు, బాహ్య నిధులు

విశ్వవిద్యాలయములందు పరిశోధనకు ధనము రెండు మార్గముల వచ్చుచున్నది. విశ్వవిద్యాలయము తన నిధి నుండి తన అధ్యాపకులకే ఇచ్చునది మొదటిది. దీనిని అంతర్గత గ్రాంటు అందుము. కేంద్ర పరిషత్తులు, జాతీయ సంస్థలు, విదేశములందలి దాతృ సంస్థలు పండితులందరిని పోటీకి పిలిచి, మెరుగైన ప్రతిపాదనలను ఏరి ఇచ్చునది రెండవది. ఇది బాహ్య నిధి. మొదటిది చిన్నది, రెండవది పెద్దది. చిన్నది పెద్దదానికి ఎట్లు త్రోవ చూపగలదు, ఏ కారణములచేత చూపలేకపోవుచున్నది అను విషయమును విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతములను దృష్టియందుంచుకొని విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ విచారణ విజ్ఞానశాస్త్ర శాఖలకు చెందినదే కాని తెలుగు శాఖకు దీనితో పనిలేదని తలచువారు కలరు. మా అభిప్రాయము ఇందుకు భిన్నము. రసాయనశాస్త్రమున ఒక సమస్య విజయవాడలో ఎట్టిదో ఢిల్లీలోను అట్టిదే. ప్రతిపాదనను పరీక్షించువానికి ఆ సమస్య ముందే పరిచితము. తెలుగు పరిశోధకుని స్థితి అట్లు కాదు. జాతీయ సంస్థలందు అతని ప్రతిపాదనను చదువువారిలో పెక్కురు తెలుగెరుగరు. పెడన అద్దకపు పనివారి మాటలలో ఏమి విశేషమున్నదో, బందరు తీరమున పల్లెకారుల పదములు ఏల సేకరింపవలెనో వారికి ఎవరో చూపవలెను. వర్ణనచే అది సిద్ధింపదు. కొంత సామగ్రిని సేకరించి ముందుంచిననే సిద్ధించును. ఆ సామగ్రిని సమకూర్చునది అంతర్గత గ్రాంటు. కావున ఈ చిన్న మొత్తముల ఆవశ్యకత ఇతర శాఖలకన్న తెలుగు శాఖకే ఎక్కువ అని మా నిశ్చయము.

1. పూర్వ వృత్తాంతము

తెలుగున పరిశోధన తొలి దశ యందు వ్యక్తుల ఔదార్యముపై ఆధారపడినది. 1820వ దశకమున మచిలీపట్టణములో కంపెనీ ఉద్యోగిగా ఉండిన సి.పి.బ్రౌను అటుపిమ్మట తన జీతము నుండియే పండితులకు వేతనములిచ్చి, వ్రాతప్రతులు సేకరింపజేసి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1850వ దశకమున వెలువడిన అతని నిఘంటువులకు ఈ సేకరణమే పునాది. ఈ పనికై అతడు అప్పులపాలగుటయు ప్రసిద్ధమే. కృష్ణా మండలమున పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. పిదప ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. 1923లో వారు గతించునప్పటికి ఆ మహాకార్యము తొలిమెట్టుననే ఉన్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని కొనసాగింపగా 1938లో వారును గతించిరి. పిఠాపుర సంస్థానాధీశుల పోషణమున ఆంధ్రసాహిత్యపరిషత్తు తలపెట్టిన శ్రీసూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటములన్నియు వెలువడుటకు దశాబ్దములు పట్టినవి.

ఈ ఉదాహరణములను నిందకై చెప్పుటలేదు. ఆ మహనీయులు లేనిచో మనకు ఆ పనులే లేవు. కాని పోషకుని ఆయుర్దాయముతో పరిశోధనయు ముడిపడియుండుట ఆ పద్ధతి యందలి లోపము. సంస్థ పూనుకొని నియమము ప్రకారము ధనమిచ్చు పద్ధతి ఈ లోపమునకు పరిహారముగా వచ్చినది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడ కేంద్రముగా స్థాపితమై, 1930లో వాల్తేరునకు తరలినది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 1953లో ఆరంభమై, 1956 నాటి చట్టముచే శాసనబద్ధమైనది. డెల్టాకు ఒక వైపున, 1967లో గుంటూరున ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రము 1976లో నాగార్జున విశ్వవిద్యాలయముగా రూపొందినది. మరియొక వైపున 2008లో మచిలీపట్టణమున కృష్ణా విశ్వవిద్యాలయము నెలకొన్నది.

కమిషన్ వారి లఘు పరిశోధన పథకములు కళాశాలల అధ్యాపకులకు బహుకాలము ఆధారములుగా ఉండినవి. స్వల్ప మొత్తముతో ఒక గ్రామమునో, ఒక గ్రంథమునో, ఒక కవినో గూర్చి పని చేయుటకు అవి వీలు కల్పించినవి. పంచవర్ష ప్రణాళికల శకము 2017తో ముగిసిన పిదప ఆ మార్గము ఇరుకైనది. 2022లో కమిషన్ ప్రకటించిన పథకములందు, ఉద్యోగమున ఉన్న అధ్యాపకులకును, క్రొత్తగ నియుక్తులైన వారికిని రెండేండ్ల పనికి 10 లక్షల రూపాయల వంతున గ్రాంటులు ఏర్పరచిరి. కాని దేశమునకంతకు ఎంపికయ్యెడివారు కొన్ని వందల మందియే. పూర్వము కమిషన్ నుండి నేరుగ అందిన తొలి సాయమును ఇప్పుడు విశ్వవిద్యాలయమే ఇచ్చుకొనవలసిన అవసరము ఇట్లు ఏర్పడినది.

2. బాహ్య సంస్థలు కోరునది ఏమి?

తెలుగు శాఖ చేయిచాపదగిన బాహ్య సంస్థలు తక్కువేమియు కావు. 1969లో ఏర్పడిన భారత సాంఘికశాస్త్ర పరిశోధన పరిషత్తు భాషా సమాజ సంబంధములను గూర్చిన ప్రతిపాదనలను స్వీకరించుచున్నది. 2008లో తెలుగునకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించిన పిమ్మట మైసూరున ఆరంభమై నెల్లూరునకు తరలిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రము కలదు. 2023 నాటి చట్టముచే ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానము, విజ్ఞానశాస్త్రములతో పాటు, మానవిక సాంఘిక శాస్త్రములు విజ్ఞాన సాంకేతికములతో కలియు చోటులను సైతము తన పరిధిలో చేర్చుకొన్నది. 2023 నుండి 2028 వరకు ఐదేండ్లకు దానికై తలపెట్టిన మొత్తము 50,000 కోట్ల రూపాయలు. ఇందు అధికభాగము ప్రభుత్వేతర మార్గముల నుండి రావలసియున్నది.

ఈ సంస్థల నియమములు వేరువేరుగా ఉన్నను, పరీక్షకులు అడుగు ప్రశ్నలు మూడే. ఈ సమస్య నిజముగ ఉన్నదా? ఈ పద్ధతిచే అది తేలునా? ఈ మనిషి దీనిని చేయగలడా? ఈ మూడింటికిని చేసిన పనియే ప్రత్యుత్తరము. క్రొత్తగ ఉద్యోగమున చేరిన అధ్యాపకునికి ఇచ్చటనే చిక్కు కలుగుచున్నది. పని చూపనిదే ధనము రాదు. ధనము లేనిదే పని సాగదు. పెండ్లి కుదిరిననే పిచ్చి కుదురును, పిచ్చి కుదిరిననే పెండ్లి కుదురును అను లోకోక్తి ఇచ్చట సరిగా వర్తించును.

ఈ చిక్కును గుర్తించిన బాహ్య సంస్థలును కలవు. నశింపనున్న వ్రాతప్రతులను, దస్త్రములను కాపాడుటకు 2004లో బ్రిటిష్ లైబ్రరీ ఆరంభించిన పథకమున ప్రయోగాత్మకమగు చిన్న గ్రాంటులు వేరు, ప్రధాన గ్రాంటులు వేరు. ఏ ఊరిలో, ఎవరి యింట, ఎన్ని ప్రతులు, ఎట్టి స్థితియందున్నవి అని ముందు చూచి రమ్మని చిన్న గ్రాంటు. ఆ సమాచారము చేతనుంచుకొని అడుగువారికి పెద్ద గ్రాంటు. ఈ మొదటి మెట్టును అన్ని సంస్థలు కట్టియివ్వవు. అవి ఇవ్వని చోట విశ్వవిద్యాలయము ఇవ్వవలెను.

3. నారుమడి న్యాయము

సీడ్ మనీ అని ఇప్పుడు వ్యవహరింపబడుచున్న ఈ ధనమును విత్తనముతో పోల్చుటకన్న నారుమడితో పోల్చుట మన ప్రాంతమునకు సుబోధము. ఎకరము వరిపొలమునకు సుమారు 5 సెంట్ల నారుమడి చాలును. అనగా భూమిలో ఇరువదవ వంతు. ఆ కొద్ది చోటున దున్నకము, ఎరువు, నీరు, కాపుదల అన్నియు శ్రద్ధగ జరుగును. నాలుగు వారములు గడువగనే నారు తీసి పొలమున నాటుదురు. నారుమడిలోనే పంట కోయవలెనని ఏ రైతును తలపడు; అదను దాటిన ముదురు నారును నాటుటకు ఇష్టపడడు.

అంతర్గత గ్రాంటునకు కావలసిన లక్షణములన్నియు ఇందున్నవి. మొత్తము చిన్నది కావలెను. గడువు ఖండితము కావలెను. శ్రద్ధ అధికము కావలెను. ఫలము మరియొక చోట నాటుటకు యోగ్యము కావలెను. నారుమడి లేకయే పొలమున నేరుగ విత్తనము చల్లు వెద పద్ధతియు డెల్టాలో కలదు. అట్లే పూర్వము పెద్ద ప్రణాళికలను నడపి పేరొందిన ఆచార్యుడు అంతర్గత గ్రాంటు లేకయే బయటి సంస్థను అడుగగలడు. అట్టివారికి ఈ చిన్న నిధిని పంచుట అనవసరము. తొలి ప్రతిపాదన వ్రాయువారికే అది ముఖ్యముగ చెందవలెను.

ఇతర దేశములందు ఈ పద్ధతి పాతది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున స్టీన్‌బాక్ అను ఆచార్యుడు ఆహారమునందు డి విటమినును వృద్ధి చేయు విధానమును కనిపెట్టి, దాని హక్కులను పూర్వవిద్యార్థులు 1925లో నెలకొల్పిన నిధికి అప్పగించెను. అట్లు వృద్ధి చెందిన నిధి రాబడి నుండి ఆ విశ్వవిద్యాలయము తన అధ్యాపకులకు పోటీ పద్ధతిన గ్రాంటులు ఇచ్చుచున్నది. పరిశోధన నుండి వచ్చిన ధనము మరల పరిశోధనకే విత్తనమగుట ఇందలి విశేషము. మన దేశమున ఐ.ఐ.టి.లు క్రొత్త అధ్యాపకులకు ప్రారంభ గ్రాంటులిచ్చు సంప్రదాయమును పాటించుచున్నవి. డెల్టా ప్రాంతమున 2017లో ఆరంభమైన వి.ఐ.టి.-ఎ.పి., ఎస్.ఆర్.ఎం.-ఎ.పి. వంటి ప్రైవేటు విశ్వవిద్యాలయములును అంతర్గత గ్రాంటులను నెలకొల్పినవి. వీని ఫలము ఇంతవరకు ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్ర శాఖలకే ఎక్కువగ దక్కుచున్నది.

1994లో ఏర్పడిన నాక్ సంస్థ విశ్వవిద్యాలయములకు శ్రేణులిచ్చుటలో, అధ్యాపకులకు ఏటేట ఇచ్చిన విత్తు ధనమును ఒక ప్రమాణముగ లెక్కించినది. దీనిచే మేలును కీడును కలిగినవి. అదివరకు ఏమియు ఇవ్వని సంస్థలు ఇచ్చుటకు పూనుకొనుట మేలు. ఎంత ఇచ్చితిమను లెక్కయే ప్రధానమై, ఇచ్చిన ధనము దేనికి దారితీసినదను విచారణ వెనుకబడుట కీడు. శాఖకింత అని సమముగ పంచి, రసీదులు సేకరించి, నివేదికను బీరువాలో భద్రపరచినచో లెక్క సరిపోవును. నారు మాత్రము మడిలోనే ముదిరిపోవును.

4. ఒక ఉదాహరణము: కాలువల పదములు

చిన్న గ్రాంటు ఏమి చేయగలదో ఒక నమూనా ప్రణాళిక ద్వారా చూపుదుము. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టిన మాండలిక వృత్తిపదకోశము తెలుగు పరిశోధనకు గర్వకారణము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయ పదముల సంపుటము 1962లో వెలువడినది. తరువాత వాస్తు, చేనేత పదముల సంపుటములు వచ్చినవి. అకాడమీ 1983లో రద్దయిన పిమ్మట 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము ఆ శ్రేణిని కొనసాగించినది. పండితులు పుస్తకములు ముందుంచుకొని గాక, ఊరూర తిరిగి పనివారి నోట విని పదములు సేకరించుట ఆ ప్రణాళిక ప్రత్యేకత.

ఆ త్రోవన కృష్ణా డెల్టా కాలువల పదములను సేకరింపదలచితిమనుకొందము. 1852–1855 నడుమ బెజవాడవద్ద ఆనకట్ట కట్టబడినది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. సుమారు 13 లక్షల ఎకరముల ఆయకట్టు ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ, పశ్చిమ డెల్టా కాలువలచే సాగగుచున్నది. ఈ నూటడెబ్బది ఏండ్లలో ఒక వృత్తిభాషయే పుట్టినది. ఆంగ్లమునుండి వచ్చిన లాకు, పారసీక మూలమున వచ్చిన లస్కరు, మన తూము, బోదె, గట్టు, వంతు, మురుగు, శివారు ఒకే వాక్యమున కలిసి నడచును. ఆంగ్లమునకు ఆనకట్టను మనమిచ్చితిమి. లాకును వారి నుండి పుచ్చుకొంటిమి. 1997 నాటి చట్టముచే నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడుటతోను, 2015లో పట్టిసీమ నుండి గోదావరి నీరు కృష్ణకు చేరుటతోను ఈ పదజాలమునకు క్రొత్త మాటలు వచ్చి కలియుచున్నవి. లాకుల వద్ద పడవలు నడచిన కాలము నెరిగిన వృద్ధులు నానాటికి తగ్గిపోవుచున్నారు. వారితో పోవు మాటలను పిదప ఏ నిధియు తిరిగి తేజాలదు.

డెల్టా మొత్తమును సర్వే చేయుట పెద్ద పని. అది బాహ్య నిధికి తగినది. అంతర్గత గ్రాంటు లక్షయో రెండు లక్షలో అనుకొందము. దానితో ఆరు ఊళ్లు తిరుగవచ్చును: తూర్పున బందరు కాలువపై తల వద్ద ఒకటి, నడుమ ఒకటి, శివారున ఒకటి, పడమట దుగ్గిరాల ప్రాంతము మొదలు సముద్రతీరము దాక అట్లే మూడు. ఊరికి లస్కరు ఒకరు, రైతు ఒకరు, కౌలుదారు ఒకరు, కూలి ఒకరు. అందరికి ఒకే ప్రశ్నావళి. మాటలను యంత్రమున ధ్వనిముద్రణము చేసి, లిప్యంతరీకరించి, అకారాది పట్టిక కట్టవలెను. శబ్దగ్రహణ యంత్రము, ప్రయాణము, లేఖకుని వేతనము, పదములు చెప్పినవారికి వారి దినవేతన నష్టమునకు పరిహారము: ఇంతకు మించి వ్యయము లేదు.

దీనివలన మూడు ప్రయోజనములు సిద్ధించును. కాలువ తలవద్ద ఉన్నవారికిని శివారున ఉన్నవారికిని నీటిని గూర్చిన మాటలు భేదించునా అను ప్రశ్నకు కొంత సాక్ష్యము లభించును. భేదించినచో, నీటి పంపకమునకు భాషకు గల సంబంధము అను సమస్య తెలుగెరుగని పరీక్షకునికి సైతము అర్థమగును. సాంఘికశాస్త్రవేత్తయు, నీటిపారుదల ఇంజనీరును అందు భాగస్వాములు కాగలరు. భేదింపనిచో అదియు ఫలితమే. పెద్ద సర్వేను వేరొక పద్ధతిన రచింపవలెనని ముందే తెలియును. రెండవది, ప్రశ్నావళిలోని దోషములు ఆరు ఊళ్లలోనే బయటపడును. అరువది ఊళ్లు తిరిగిన పిమ్మట తెలియుటకన్న ఇది మేలు. మూడవది, ఈ పనిలో తరిఫీదైన పరిశోధక విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఏర్పడుదురు. బాహ్య సంస్థకు పంపు ప్రతిపాదనలో ఈ మూడును మూడు పేరాలు కాగలవు. పూర్వము చెప్పిన మూడు ప్రశ్నలకు ఇవియే సమాధానములు.

5. నిర్వహణ నియమములు

ఇట్టి గ్రాంటులు ఫలించుటకు కొన్ని నియమములు అవసరమని తోచుచున్నది.

మొదటిది కాలము. పరిశోధన క్షేత్రమునకు తనదైన పంచాంగము ఉండును. కాలువలు కట్టివేసి మరమ్మతులు జరుపు వేసవియందు గట్లపై పనివారు దొరకుదురు; జూన్ పిదప నీరు వదలి నారుమళ్ల అదను వచ్చెనా, ఏ రైతును గంటసేపు కూర్చుండి మాటలాడలేడు. మంజూరు పత్రము ఫిబ్రవరిలో వచ్చి, మార్చి 31లోగా వ్యయము చేయవలెనను నియమమున్నచో, వస్తువులు కొనుట తప్ప పని జరుగదు. గ్రాంటు గడువును ఆర్థిక సంవత్సరము గాక పని స్వభావము నిర్ణయింపవలెను.

రెండవది ఎంపిక. దరఖాస్తులను శాఖకు బయటివారు, వీలైనచో విశ్వవిద్యాలయమునకే బయటివారు పరీక్షింపవలెను. పరిచితుల మెప్పు బయటి పోటీకి తరిఫీదు కాజాలదు. నిరాకరించిన దరఖాస్తునకు కారణములు వ్రాతపూర్వకముగ ఇచ్చుట అంతకన్న ముఖ్యము. మొదటిసారి నిరాకరణ పొందిన అధ్యాపకుడు ఆ కారణములను చదివి మరుసటి ఏడు మెరుగుపరచి పంపినచో, గ్రాంటు రాకున్నను అతనికి లాభమే కలిగినది.

మూడవది ముగింపు. సాధారణ నివేదికకు బదులు, సేకరించిన సామగ్రి, ఒక బాహ్య సంస్థకు పంపుటకు సిద్ధమైన ప్రతిపాదన, ఈ రెండును ఒప్పగించుట నియమము కావలెను. ఆ ప్రతిపాదన నెగ్గుట అధ్యాపకుని చేతిలో లేదు. పంపుట అతని చేతిలోని పని. పంపినదానిపై వచ్చిన అభిప్రాయములను శాఖలో భద్రపరచినచో తరువాతి వారికి అవి పాఠ్యపుస్తకమువలె ఉపకరించును.

నాలుగవది కళాశాలలు. డెల్టాయందు తెలుగు బోధించువారిలో అధిక సంఖ్యాకులు విశ్వవిద్యాలయ శాఖలందు కాక, అనుబంధ కళాశాలలందున్నారు. 1843లో స్థాపితమైన బందరు నోబిల్ కళాశాల, 1953లో ఏర్పడిన విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల వంటి వానికి దీర్ఘమైన బోధన సంప్రదాయము కలదు. లంకలు, దివిసీమ, కొల్లేరు గ్రామములు ఆ అధ్యాపకులకు నిత్యపరిచితములు. అంతర్గత గ్రాంటు విశ్వవిద్యాలయ ప్రాంగణము దాటనిచో, క్షేత్రమునకు సమీపముననున్నవారే నిధికి దూరమగుదురు. శాఖాధ్యాపకుడు ఒకరు, కళాశాల అధ్యాపకుడు ఒకరు కలిసి దరఖాస్తు చేయు పద్ధతిని ప్రోత్సహించుట దీనికి సులభమైన ఉపాయము.

6. ఒక ఆక్షేపము

ఇచ్చట ఒక ఆక్షేపము సహజముగ కలుగును. బాహ్య నిధినే లక్ష్యముగ పెట్టుకొనినచో, పరిశోధకులు తమ జిజ్ఞాసను విడిచి నిధులిచ్చువారి అభిరుచిని అనుసరింపరా? ఒక కావ్యమునకు పాఠపరిష్కరణము చేయు పండితునికి కోట్ల ప్రణాళికతో పని ఏమి? ఈ ఆక్షేపము త్రోసిపుచ్చదగినది కాదు. తాళపత్ర ప్రతులను సరిపోల్చి, పాఠభేదములు గుర్తించి, పీఠిక వ్రాయుటకు కావలసినది కాలము, గ్రంథాలయము, కొంత ప్రయాణ వ్యయము మాత్రమే. అట్టి పనికి చిన్న గ్రాంటే సంపూర్ణ గ్రాంటు. దానిని బలవంతముగ పెద్ద ప్రణాళికగ మార్చుట పనికిని ధనమునకును నష్టము.

కావున అంతర్గత నిధిని రెండుగ విభజించుట యుక్తమని మా అభిప్రాయము. ఒక భాగము, తనంత తాను పూర్తికాగల చిన్న పనులకు. దానికి గ్రంథప్రకటనమే గమ్యము. రెండవ భాగము, పెరుగదగిన పనుల తొలి నమూనాలకు. దానికి బాహ్య ప్రతిపాదనయే గమ్యము. దరఖాస్తునాడే అధ్యాపకుడు తన పని ఏ వర్గమునకు చెందునో చెప్పుకొనవలెను. రెండింటిని కలగాపులగము చేయుటవలననే, పెరుగవలసిన పని చిన్న నివేదికతో ఆగిపోవుటయు, చిన్నగ నుండవలసిన పని పెద్ద మాటలతో ఉబ్బుటయు జరుగుచున్నది.

నారు పోసినవాడు నీరు పోయడా అని మనవారందురు. ఆ మాటలోని భరోసా దైవమును గూర్చినది. పరిశోధన విషయమున నారు పోయువారు వేరు, నీరు పోయువారు వేరు, ఒకరినొకరు ఎరుగరు. నీరు పోయు దూరస్థుడు మడివద్దకు వచ్చి చూడడు; చేతికిచ్చిన నారుకట్టను చూచియే నిర్ణయించును. ఆ కట్ట వేళ్లూని, పచ్చగ, అదనులో ఉండునట్లు చూచుట విశ్వవిద్యాలయము యొక్కయు, శాఖ యొక్కయు బాధ్యత. లాకుల నాటి మాటలు చెప్పగల పెద్దలు డెల్టాలో ఇంకను కొందరు ఉన్నారు. వచ్చు వేసవిలోగా వారివద్దకు పోగల అధ్యాపకునికి పదునాలుగు పేజీల దరఖాస్తుకన్న, వేళకు అందిన లక్ష రూపాయలు ఎక్కువ సాయము చేయును.